ఉద్దానం కుర్రాడు మగాడయ్యేది ఎప్పుడు?

ఉద్దానం పల్లెల్లో ఆడపిల్ల సమర్తాడితే ఊరంతటికీ తెలుస్తుంది. చిమ్మిలి దంచుతారు, మేనమామ చీర తెస్తాడు, పేరంటాళ్లు వస్తారు, ఈమధ్య వీధి మొగలో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు. ఆ పిల్లకు సిగ్గో, భయమో, కోపమో ఎవరూ అడగరు గానీ, ఫలానా నాటి నుంచి నువ్వు పెద్దదానివని ఊరు తేల్చి చెప్పేస్తుంది. అదే ఇంట్లో ఆమె అన్నదమ్ములకు అలాంటి రోజు రాదు. జంధ్యం వేసే కొద్ది కులాల్లో ఒడుగు ఉంది గానీ, అదీ చాలా ఇళ్లలో పెళ్లి ముందు కానిచ్చేసే తంతుగా మిగిలింది. తక్కిన కుర్రాళ్లకు గొంతు బొంగురుపోతుంది, నూనూగు మీసం వస్తుంది, చొక్కాలు పొట్టివవుతాయి. ఎవరూ ఏమీ అనరు. ఏదో ఒక పూట, నాన్న ఇంట్లో లేని పూట, అప్పిచ్చినాయన గుమ్మంలో నిలబడి, అమ్మను వదిలేసి వీడివైపు తిరిగి, "ఏటిరా, పెద్దకొడుకువి గదా, నువ్వు సెప్పు, ఎప్పుడిస్తారు?" అంటాడు. ఇంటర్ ఫస్టియర్ చదివే పదహారేళ్లవాడు. ఆ ప్రశ్నతో వాడి చిన్నతనం అయిపోతుంది.

ఉద్దానమంటే శ్రీకాకుళం జిల్లాలోని పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. కొబ్బరి, జీడి, పనస తోటల కింద సూర్యుడు కనపడనంత పచ్చగా ఉండే తీరం. దానికి దక్షిణంగా టెక్కలి, సంతబొమ్మాళి. ఇక్కడి కుర్రాళ్లు మగతనం అంటే ఏమిటో ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారన్నదే ఈ కథనం. మీసం, మోటారుసైకిలు, అభిమాన హీరో, మొదటి బీరు సీసా గురించి ఇప్పటికే చాలామంది రాశారు. వాటి వెనకున్న బరువు గురించి రాసినవాళ్లు తక్కువ. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో తండ్రి పిల్లలకు రెండు రకాలుగానే తెలుసు. దూరాన పనికి పోయినవాడు ఒకడు, ఇంట్లోనే ఉండి జబ్బుపడినవాడు ఇంకొకడు. కొడుకులు చూసి నేర్చుకునేది ఈ ఇద్దరినే. మొదటివాడి దగ్గర నేర్చుకున్నది ప్రాణం మీదికి తెస్తోందనీ, రెండోవాడి దగ్గర నేర్చుకోదగ్గది ఎంతో ఉందనీ నా నమ్మకం.

కత్తి కింద మాట

కుర్రాడు మగాడైన రోజును ఇదీ అని చూపించగలిగే జనం లోకంలో ఉన్నారు. దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్ ప్రాంతపు ఖోసాలు అలాంటివాళ్లు. వాళ్ల ఆచారం పేరు ఉల్వాలుకో. ఈడొచ్చిన కుర్రాళ్లను ఊరికి దూరంగా గుడిసెల్లోకి తీసుకుపోతారు. మత్తుమందు లేకుండా సుంతీ చేస్తారు. గాయం మానేదాకా వారాల తరబడి ఒంటికి తెల్లమట్టి పూసుకుని, ఆడవాళ్ల కంటపడకుండా అక్కడే ఉండాలి. చివర్లో ఆ గుడిసెలను తగలబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నడిపించుకొస్తారు. కొత్త దుప్పటి కప్పి పెద్దలు హితవు చెబుతారు.

నెల్సన్ మండేలా 1934లో, పదహారేళ్లప్పుడు, ఎంబాషే నది ఒడ్డున ఈ తంతు దాటాడు. కత్తి పడగానే 'నేను మగాణ్ని' అని అరవాలి. నొప్పికి తన నోట ఆ మాట రావడం కాస్త ఆలస్యమైందనీ, తక్కిన కుర్రాళ్లు తనకన్నా గట్టిగా నిలబడ్డారని సిగ్గుపడ్డాననీ ఆయన ఆత్మకథలో దాచకుండా రాశాడు. ఆ పుస్తకం వచ్చింది 1994లో. మధ్యలో అరవై ఏళ్లు, అందులో ఇరవై ఏడేళ్ల జైలు, దేశాధ్యక్ష పదవి. ఇన్నీ జరిగిపోయాక కూడా ఆ క్షణం ఆలస్యం ఆయనకు గుర్తుండిపోయింది. పదహారేళ్ల వయసులో మగతనం గురించి పడిన ముద్ర ఎంత లోతుగా దిగుతుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ గుడిసెల్లో ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లు వందల్లో ఉన్నారు. చేతగాని చేతుల్లో గాయాలు చీముపట్టి కొందరు పోయారు. మొదటి రోజుల్లో నీళ్లు తాగకూడదన్న కట్టడి వల్ల ఒంట్లో నీరు ఎండిపోయి కొందరు పోయారు. దాహాన్ని ఓర్చుకోలేనివాడు మగాడెలా అవుతాడన్నది అక్కడి మాట. 2021లో అక్కడి ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చి, పదహారేళ్లు నిండనివాళ్లను పంపకూడదంది. ఈ దాహం సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మన ఉద్దానంలో మళ్లీ ఎదురవుతుంది.

ఆ కత్తి మీద నాకేమీ మోజు లేదు. కానీ గాయం మానుతున్న ఆ వారాల్లో కుర్రాడి పక్కన ఎవరో ఒక పెద్దమనిషి ఉంటాడు. పెళ్లాన్ని ఎలా చూసుకోవాలో, తల్లిదండ్రులకు ఏమి బాకీ ఉన్నావో, కోపాన్ని ఏమి చేసుకోవాలో కూర్చోబెట్టి చెబుతాడు. చెప్పింది అన్నివేళలా మంచే అయి ఉండకపోవచ్చు. చెప్పడమంటూ ఉంది. మన దగ్గర అప్పులాయన తప్ప ఆ కుర్రాడితో మగాడివని చెప్పిన మనిషి లేడు.

పరువు, పత్రం, రైలు

శ్రీకాకుళం జిల్లా మగవాడి మనసును కాళీపట్నం రామారావు మాస్టారి కన్నా లోతుగా చూసినవాళ్లు లేరు. ఆయన 'యజ్ఞం' కథలో అప్పల్రాముడు మాటకు కట్టుబడే మనిషి. పంచాయితీలో పెద్దలముందు అప్పు ఒప్పుకుంటాడు, ఉన్న భూమి పోతుందని తెలిసీ సంతకానికి సిద్ధపడతాడు. అతని కొడుకు సీతారాముడు, ఆ బానిసతనం తన బిడ్డకు సంక్రమించకూడదని పసివాణ్ని చంపుకుంటాడు. తండ్రికి మాట నిలుపుకోవడం మగతనం. కొడుకుకి ఆ మాట తన బిడ్డ మెడకు చుట్టుకోకుండా చూసుకోవడం మగతనం. ఆ రెండింటి మధ్య నలిగింది పసివాడి ప్రాణం. ఆ కథ చదివి ఉలిక్కిపడనివాడు లేడు గానీ, అప్పు తండ్రి నుంచి కొడుక్కి నడిచే దారి మాత్రం మారలేదు. మారిందల్లా, ఇప్పుడు కొడుకు రైలెక్కుతున్నాడు.

పలాస స్టేషన్ హౌరా, చెన్నై ప్రధాన మార్గంలో ఉంది. విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా హైదరాబాద్ వైపు తీసుకుపోతాయి, కోణార్క్ ముంబై దాకా పోతుంది. జనరల్ బోగీలో వీపు బ్యాగుతో ఎక్కే కుర్రాడు ఇంటర్ ఫెయిలైనవాడే అయి ఉండాలనేమీ లేదు. డిగ్రీ చేసినవాడు, ఐటీఐలో ఫిట్టర్, వెల్డర్ నేర్చుకున్నవాడు, టెక్కలి ఇంజినీరింగ్ కాలేజీ నుంచి బీటెక్ పట్టా పుచ్చుకున్నవాడు, అందరూ ఆ బోగీలోనే. బిల్డింగ్ సైట్లు, ఫార్మా కంపెనీలు, చెన్నై హోటళ్లు, గల్ఫ్ రిఫైనరీలు. 'ఉద్యోగం పురుష లక్షణం' అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాడికి ఆ రైలు ఎక్కడమే పురుష లక్షణం అయిపోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకింది. తాతలు నాటిన కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో వేళ్లతో పెకలి పడ్డాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా తోటే ఇంటికి మగదిక్కుగా ఉండేది. కాయలు దించినప్పుడు డబ్బు, పిక్కలు అమ్మినప్పుడు డబ్బు, పిల్ల పెళ్లికి నాలుగు చెట్లు తాకట్టు. తోట పోయాక ఆ పని కొడుకు భుజం మీద పడింది. అతను పంపే డబ్బుకు లెక్క రాసి ఉంటుంది. నాన్న మందులకు ఇంత, వడ్డీకి ఇంత, చెల్లి బంగారానికి ఇంత. చెల్లి పెళ్లి కాకుండా అన్న పెళ్లి మాటెత్తడం ఈ పల్లెల్లో తప్పు. ముప్పయ్యేళ్లు దాటిపోతున్నా ఆ వరసలో నిలబడ్డవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లను త్యాగమూర్తులని పొగుడుతారు. ఆ పొగడ్త వాళ్ల నోరు నొక్కేస్తుందని నాకనిపిస్తుంది. పొగిడినవాళ్ల దగ్గర ఎవడు గోడు చెప్పుకుంటాడు?

ఇక ఏజెంటు చేతిలో లక్షలు పోగొట్టుకున్న కుర్రాడి సంగతి. విదేశీ ఉద్యోగమని డబ్బు కట్టి, వీసా నకిలీదని తేలాక, ఆ కుర్రాడు ఊరికి రాడు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఏదో ఒక కూలిపనిలో దాక్కుని, అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేసి బాగున్నానంటాడు. మోసం చేసినవాడు తలెత్తుకు తిరుగుతాడు, మోసపోయినవాడు సిగ్గుపడతాడు. సంక్రాంతికి కొత్త బూట్లతో దిగకపోతే మగాడు కాదన్న లెక్క ఎవరు పెట్టారో గానీ, అది మన పిల్లల్ని సొంత ఊరికి రానివ్వకుండా చేస్తోంది.

1,600 మీటర్లు

తెల్లవారుజామున ఏ పల్లె రోడ్డు మీద చూసినా కుర్రాళ్లు పరుగెత్తుతుంటారు. సైన్యంలో చేరడం ఈ జిల్లాకు పాత అలవాటు. సైన్యం పరుగు 1,600 మీటర్లు, మొదటి గ్రూపులో పడాలంటే అయిదున్నర నిమిషాలు. పోలీసు పరుగూ అంతే దూరం. గోదాలో నిలబడ్డట్టు ఊరంతా చూస్తుండగా పరుగెత్తే ఈ కుర్రాళ్లలో ఒక వెలుగు ఉంటుంది. ఇది నేను మనసారా అంటున్నాను. మందు మానేస్తారు, వేళకు పడుకుంటారు, ఒకడు కూలబడితే పక్కవాడు లేవదీస్తాడు. సెలవుకు వచ్చిన జవాను ఊళ్లో పిల్లలకు మెళకువలు చెబుతాడు. ఖోసాల గుడిసెలో ఉండే పెద్దమనిషికి మన దగ్గర కాస్త దగ్గరగా వచ్చేది ఇతనొక్కడే.

కానీ ఆ ద్వారం ఇరుకైపోయింది. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత నూటికి ఇరవై అయిదుగురినే ఉంచుకుంటారు, మిగతావాళ్లకు సుమారు 11.71 లక్షల సేవానిధి ఇచ్చి పంపేస్తారు. మూడు రోజులకే నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. అలా చేరిన అగ్నివీర్ ఆ నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. ఆడవాళ్లకు దూరంగా, ఊరికి దూరంగా ఉంచి మగాణ్ని తయారుచేసే పద్ధతి ఖోసాల్లో కొన్ని వారాలైతే ఇక్కడ నాలుగేళ్లు. గుడిసె కాల్చి కొత్త దుప్పటి కప్పే పెద్దలు మాత్రం చివర్లో ఉండరు. ఇక పోలీసు కొలువు. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. తొలి పరీక్ష 2023 జనవరిలో. పరుగు పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు ముగుస్తోంది. ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ఇరవై రెండేళ్లకు పరుగు మొదలుపెట్టినవాడికి ఇరవై అయిదు నిండాయి. అన్నాళ్లూ ఇంట్లో తినే ప్రతి ముద్దా లెక్కలోకి వస్తుందని వాడికి తెలుసు.

ఈ జిల్లా ఆరాధించే బలశాలి కోడి రామ్మూర్తినాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టాడు, ఉక్కు గొలుసులు తెంచాడు, రొమ్ము మీద ఏనుగును నిలిపాడు, కలియుగ భీముడనిపించుకున్నాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. చివరిరోజుల్లో కాలికి శస్త్రచికిత్స చేస్తున్నప్పుడు మత్తుమందు వద్దన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. గొలుసు తెంచిన కథ కన్నా ఈ కథనే ఎక్కువ మురిపెంగా చెప్పుకోవడం విన్నాను. మనకు బలం కన్నా నొప్పి బయటపెట్టకపోవడమే గొప్పగా తోస్తుందన్నమాట. ఈ జిల్లాలోనే ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బలానికి నమూనా కావాలంటే మగపిల్లలకు కూడా ఆమె ఉంది. ఎంతమంది తండ్రులు కొడుకులకు ఆమె పేరు చెబుతున్నారు?

శ్రీకాకుళ సాయుధ రైతాంగ పోరాట కాలంలో మగతనానికి ఈ నేల ఇంకో దారి కూడా చూపించింది. పలాస పక్కన బొడ్డపాడు గుడిలో పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథ కట్టి ఊరూరా చెప్పాడు. చదువుకున్న పంచాది కృష్ణమూర్తి కొండలెక్కాడు. కృష్ణమూర్తిని 1969 మే నెలలో, పాణిగ్రాహిని, కృష్ణమూర్తి భార్య నిర్మలను అదే ఏడాది డిసెంబరులో పోలీసులు కాల్చి చంపారు. అప్పటి కుర్రాళ్లకు అన్యాయాన్ని చూసి ఊరుకోకపోవడమే మగతనం. ఆ దారి ఎంత ప్రాణనష్టం తెచ్చిందో బొడ్డపాడు స్తూపం దగ్గర నిలబడితే తెలుస్తుంది. అయినా, తన ఇంటి అప్పు గురించి మాత్రమే కాక పక్కింటి కూలివాడి అప్పు గురించి కూడా మగవాడు ఆలోచించిన కాలం ఒకటి ఉండేదని ఇప్పటి కుర్రాళ్లకు తెలియాలి.

సముద్రం మీద, పందిట్లో

జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోట్లు ఆగే హార్బరు ఇన్నాళ్లూ లేదు. అందుకని బెస్త కుర్రాళ్లు ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి, వేసవిలో ఇల్లు చేరతారు. అక్కడ బోటు నడిపే నాయకుణ్ని తండేల్ అంటారు. 2018 నవంబరులో వేరావల్ బోట్లు సరిహద్దు దాటాయని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోతే, ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వైపు మనుషులు కరాచీ జైల్లో పడ్డారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ కథే 2025లో 'తండేల్' సినిమా అయింది. తెర మీద హీరో తుపానుతో, జైలుతో తలపడతాడు. ఊళ్లో ఉన్న ఆడవాళ్లు ఆ పదమూడు నెలలూ నాయకుల వెంట తిరిగారు, అర్జీలు పెట్టారు, పిల్లల్ని బడికి పంపారు. సినిమా చూసి వచ్చిన పన్నెండేళ్లవాడు తండేల్‌ని అవుతానంటాడు, అది సహజం. కానీ వాడి ఊరి మగవాళ్లను ఇంటికి తెచ్చిన పట్టుదలలో సగం అమ్మలదని కూడా ఎవరో ఒకరు వాడికి చెప్పాలి.

ఇక వజ్రపుకొత్తూరు మండలం నువ్వలరేవు. ఈ ఊరి గురించి రాయకుండా ఈ కథనం పూర్తికాదు. ఇక్కడి మత్స్యకారులు బయటి సంబంధాలు చేసుకోరు, పిల్లనిచ్చేదీ తెచ్చేదీ ఊళ్లోనే. రెండు మూడేళ్లకోసారి ఈడొచ్చిన జంటలందరికీ ఒకేసారి పెళ్లిళ్లు చేస్తారు. ఎక్కడెక్కడో పనుల్లో ఉన్న కుర్రాళ్లు ఆ ముహూర్తానికి ఇల్లు చేరతారు. డజన్లకొద్దీ ఇళ్లముందు ఒకేసారి పందిళ్లు లేస్తాయి. కలిగినవాడి కొడుకు, లేనివాడి కొడుకు ఒకే రాత్రి పెళ్లికొడుకులవుతారు. అన్నింటికన్నా నాకు నచ్చింది తాళి సంగతి. వరుడు వధువుకు కట్టడమే కాదు, వధువు కూడా వరుడి మెడలో కడుతుంది.

ఈ ఆచారం వెనక ఎంత పాత కథ ఉన్నా, జరుగుతున్నదేమిటో చూడండి. ఒక ఊరి కుర్రాళ్లందరూ కలిసి, ఊరి కళ్లముందు, ఒకే రోజున పెద్దవాళ్లవుతున్నారు. కత్తి లేదు, గుడిసె లేదు. ఒంటరిగా మోసే బరువు కాకుండా పక్కింటివాడితో పాటు అందుకునే బాధ్యత. పైగా మెడలో తాళి ఉన్న మగవాడు తాను కూడా ఒకరికి కట్టుబడ్డవాడినని ఊరికి చూపించుకుంటున్నాడు. పెళ్లయ్యాక అక్కడా కష్టాలుంటాయి, సముద్రం అక్కడా మనుషుల్ని మింగుతుంది. అయినా మగతనానికి ఇంత మంచి తొలిపాఠం ఈ తీరంలో ఇంకెక్కడా చూడలేదు.

క్రియాటినిన్ ఎంత?

ఉద్దానంలో ఇద్దరు కలిస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందని అడిగే రోజులొచ్చి చాలా కాలమైంది. కిడ్నీ జబ్బు ఇక్కడ పెద్దవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఉన్నట్టు సర్వేలు చెప్పాయి. విశాఖ నెఫ్రాలజిస్టు డాక్టర్ టి.రవిరాజు వంటివాళ్లు ఏళ్లపాటు ఊళ్లు తిరిగి పరీక్షలు చేశారు. బీపీ, షుగరు లేనివాళ్లకూ ఎందుకు వస్తోందో ఇదమిత్థంగా తేలలేదు. నీళ్లలోని సిలికానో, పురుగుమందులో, వంశపారంపర్యమో, ఎండలో చెమటోడ్చి పనిచేసి తగినన్ని నీళ్లు తాగకపోవడమో, ఒళ్లు నొప్పులకు మింగే బిళ్లలో, ఇవన్నీ కలిసో. ఆడవాళ్లనూ వదల్లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పల్లెలకు తేవడానికి సుమారు 700 కోట్లతో పథకం కట్టారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నెలకు పదివేల పింఛను వస్తోంది. ఇవన్నీ జరగాల్సిన పనులే, ఆలస్యంగానైనా జరిగాయి.

మగతనం ఈ జబ్బు దగ్గరే అసలు పరీక్షకు నిలబడింది. ఉదయం ఏడింటికి తోటలోకి దిగి, తలకు తువ్వాలు చుట్టి, మధ్యాహ్నం దాకా ఒక్క చెంబు నీళ్లతో పనిచేసినవాణ్ని మనం మొనగాడన్నాం. నడుము పట్టేస్తే బడ్డీకొట్లో నొప్పి బిళ్ల అడిగి మింగి మళ్లీ పార పట్టినవాణ్ని మెచ్చుకున్నాం. సైట్లో వెల్డింగ్ చేసే కుర్రాడు బాత్రూముకు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించుకుంటాడు, మేస్త్రీ చూస్తున్నాడని విరామం అడగడు. నికరాగ్వాలో చెరకు నరికేవాళ్లకు సరిగ్గా ఇలాంటి జబ్బే వచ్చింది. చిచిగాల్పా దగ్గర ఒక పల్లెలో మగవాళ్లు ఎంతమంది పోయారంటే దాన్ని వితంతువుల దీవి అన్నారు. నరికినదాన్ని బట్టి కూలి కాబట్టి ఎవడూ నీడకు వచ్చేవాడు కాదు. తర్వాత అక్కడ నీళ్లు, నీడ, విరామం అనే మూడింటినీ పనిలో భాగంగా తప్పనిసరి చేసే ప్రయత్నాలు మొదలయ్యాయి. దాహం వేసినప్పుడు పని ఆపి నీళ్లు తాగమని కంపెనీ చేత చెప్పించాల్సి వచ్చింది. అంతటి అవసరం కలిగిందంటే, ఓర్చుకోవడం మీద మగవాడికి ఎంత పిచ్చి నమ్మకం ఎక్కించామో ఆలోచించండి. ఖోసా గుడిసెలో కుర్రాడికి నీళ్లివ్వనిది కూడా ఈ నమ్మకమే.

ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు. కిడ్నీ చాలావరకు పాడయ్యేదాకా మనిషి మామూలుగానే తిరుగుతాడు. కాబట్టి తెలియాలంటే పరీక్ష చేయించుకోవాలి. ఇక్కడే కుర్రాళ్లు వెనకాడుతున్నారు. ఉద్దానం అనగానే పిల్లనివ్వడానికి బయటివాళ్లు జంకుతున్న రోజులివి. అంకె బయటపడితే సంబంధం తప్పిపోతుందని, చెల్లి సంబంధం కూడా దెబ్బతింటుందని, సైటుకు తీసుకుపోయే కాంట్రాక్టరు వద్దంటాడని భయం. "నాకేటవుద్ది మావా, గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. ఆ మాట వాళ్ల నాన్న కూడా అన్నాడు. వాళ్ల నాన్న ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, డయాలసిస్ మంచం మీద ఉంటున్నాడు.

కిడ్నీ మార్చాల్సి వస్తే ఇస్తున్నదెవరు? దేశంలో 1995 నుంచి 2021 దాకా జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో 29,695 మగవాళ్లకు, 6,945 ఆడవాళ్లకు జరిగాయి. బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లలో అయిదుగురిలో నలుగురు ఆడవాళ్లు. తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. ఇంటికి ఆధారం మగవాడే కాబట్టి అతను బతకాలని చెప్పే కారణం పలాసలో నిలబడదు. జీడి ఫ్యాక్టరీలో రోజంతా కూర్చుని పిక్క కొట్టి, పొట్టు తీసి, పప్పు ఏరే చేతులు ఆడవాళ్లవి. జీడి రసం తగిలి నల్లబడిన ఆ వేళ్ల మీదే ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. 1940లో మందస జమీందారీ పోరులో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు తూటాకు ఎదురొడ్డి చనిపోయిన గున్నమ్మ ఈ ప్రాంతపు ఆడదే. థర్మల్ ప్లాంట్లు రాకుండా 2010లో సోంపేట బీల భూముల కోసం, 2011లో కాకరాపల్లి కోసం జరిగిన పోరాటాల్లో ముందువరసలో నిలిచినవాళ్లూ ఈ ఊళ్ల ఆడవాళ్లే. ధైర్యం, సంపాదన, ఓర్పు, మూడూ మగవాడి సొత్తని ఈ తీరంలో పెరిగిన కుర్రాడు నమ్ముతున్నాడంటే, కళ్లెదుట ఉన్నదాన్ని చూడవద్దని మనం వాడికి నేర్పామన్నమాట.

రెండో తండ్రి దగ్గర నేర్చుకోదగ్గది ఉందన్నాను. డయాలసిస్ మొదలైనవాడు వలస పోలేడు. ఏళ్లకేళ్లు సంక్రాంతికి మాత్రమే కనిపించిన మనిషి రోజూ ఇంట్లో ఉంటాడు. భార్య పొద్దున్నే జీడి ఫ్యాక్టరీకి పోతే, ఒంట్లో బాగున్న రోజున అన్నం వండేది, పిల్లలకు జడలు వేయడానికి తంటాలు పడేది, బడికి దిగబెట్టేది అతనే. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు కట్టడి పెడితే, కొలిచి సీసాలో పోసిచ్చేది పదేళ్ల కొడుకు. మొదట్లో ఆ తండ్రికి ఇది తలవంపు. వీధి అరుగు మీద కూర్చోవడానికి కూడా సిగ్గుపడతాడు. కాలం గడిచేకొద్దీ కొందరిలో ఆ సిగ్గు కరుగుతుంది. ఒంట్లో నలతగా ఉందని చెబుతారు, భయంగా ఉందని భార్యతో అంటారు, ఆమె సంపాదన మీద బతుకుతున్నామని పిల్లల ముందే ఒప్పుకుంటారు. ఆ ఇంట్లో పెరిగే కొడుకు నాన్న అనే మనిషిని దగ్గరగా చూస్తున్నాడు. రైలెక్కిపోయిన తండ్రి కొడుక్కి ఆ అవకాశం లేదు. ఈ జబ్బు ఎవరికీ రాకూడదు. జబ్బు రాకుండానే తండ్రులు ఇలా ఉండవచ్చుననే నేననేది.

పనిలో పనిగా ప్రభుత్వాన్ని, కాలేజీలను, ఊరి పెద్దలను ఒకటి అడుగుతున్నాను. ఈ కుర్రాళ్లను ఆసుపత్రికి రప్పించడం కష్టం. కానీ తెల్లవారుజామున వాళ్లు ఎక్కడుంటారో అందరికీ తెలుసు. ఎత్తు, ఛాతీ, పరుగు సమయం కొలిపించుకోవడానికి వరసలో నిలబడేవాళ్లు, అదే వరసలో రక్తం ఇవ్వడానికి వెనకాడరు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఏడాదికి రెండుసార్లు వాళ్లు పరుగెత్తే చోటికే వెళ్లి క్రియాటినిన్‌కు రక్తం, ఆల్బుమిన్‌కు మూత్రం తీసుకోవాలి. ఫలితం కుర్రాడి చేతికే, గుట్టుగా ఇవ్వాలి. నొప్పి బిళ్లల సంగతి, నీళ్ల సంగతి సెలవుకొచ్చిన జవాను చేత చెప్పించాలి, వాళ్లు అతని మాట వింటారు. పలాస, టెక్కలి, సోంపేట జూనియర్ కాలేజీల్లో ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ రక్తపరీక్ష చేసి, ఇంటి అప్పు గురించి, చదువు ఆగిపోయే భయం గురించి మాట్లాడే ఒక మనిషిని పెట్టాలి. పెళ్లి చూపులప్పుడు రెండువైపులా రిపోర్టులు చూపించుకోవడం సిగ్గుచేటు కాదని కుల పెద్దలు తమ ఇళ్ల నుంచే మొదలుపెట్టి చూపించాలి. పలాసలో ఆసుపత్రి ఉంది, సోంపేట, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలున్నాయి, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలున్నాయి. వచ్చే సీజను రన్నింగు ప్రాక్టీసు మొదలయ్యేలోగా ఈ పనికి పూనుకోవచ్చు.